పిలిస్తే వినపడేంత ఇల్లు

మెట్లు ఎక్కలేక ఇల్లు మారుతున్నామని అందరికీ చెప్పాం. అది నిజమే కానీ పూర్తి నిజం కాదు.

కొండాపూర్‌లో మాది కిందా పైనా కలిపి కట్టుకున్న ఇల్లు. మేము కట్టుకునేటప్పుడు చుట్టూ బండరాళ్లు, సీతాఫలం పొదలు ఉండేవి. మావారు ప్రభుత్వంలో ఇంజినీరు, నేను లెక్కల టీచర్ని. తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లం కాబట్టి, బంధువులెవరు వచ్చినా మా ఇంట్లోనే దిగాలని గది మీద గది వేసుకుంటూ పోయాం. కొన్నాళ్లు నిజంగానే ఇల్లంతా నిండి ఉండేది. తర్వాత వచ్చేవాళ్లు తగ్గారు. మా అమ్మాయి పెళ్లయి తెల్లాపూర్ వెళ్లింది. ఇల్లు మాత్రం అంతే ఉంది.

మోకాలి ఆపరేషన్ అయ్యాక మావారు కింది గదిలోకి మారారు. నా బీరువా, కుట్టుమిషన్, పుస్తకాలు పైన ఉండటంతో నేను పైనే ఉండిపోయాను. కొన్నాళ్లే కదా అనుకున్నాం. ఆ కొన్నాళ్లు కాస్తా కొన్నేళ్లయ్యాయి. ఒకే ఇంట్లో ఉంటూ ఫోన్లు చేసుకునేవాళ్లం. "టీ పెట్టాను, దిగు" అని ఆయన. "టీవీ కాస్త తగ్గించండి" అని నేను. మొదట్లో నవ్వుకునేవాళ్లం. తర్వాత నవ్వడం కూడా మర్చిపోయాం.

ఒకరోజు పొద్దున ఆయన స్నానాల గదిలో జారిపడ్డారు. నేను డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. పక్క స్థలంలో కొత్త బిల్డింగు కోసం బండ కొడుతున్నారు, చెవులు పగిలిపోయే మోత. ఆయన పిలిచారట. నాకు వినపడలేదు. నేను కిందికి వచ్చేసరికి గోడకు ఆనుకుని, తువ్వాలు భుజాన వేసుకుని, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నారు. అదృష్టం, ఎముకలేవీ విరగలేదు. మోచెయ్యి మాత్రం గీరుకుపోయింది.

"చాలాసేపైందా?" అని అడిగాను.

"లేదులే, ఇప్పుడే" అన్నారు.

బకెట్‌లో చెయ్యి పెట్టి చూశాను. పొగలు కక్కుతూ పట్టుకెళ్లిన నీళ్లు పూర్తిగా చల్లారిపోయి ఉన్నాయి. నేను చెయ్యి పెట్టడం ఆయన చూశారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర, పెరుగు కలుపుకుంటూ, తలెత్తకుండానే అన్నారు: "చిన్న ఇల్లు చూసుకుందామోయ్. నేను పిలిస్తే నీకు వినపడేంత ఇల్లు."

ఈ మాట వినగానే ఎక్కువ సంతోషించింది మా అమ్మాయి. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం తనది. మరుసటి ఆదివారమే కారు వేసుకొచ్చి, తాముండే గేటెడ్ కమ్యూనిటీలోనే ఒక ఫ్లాట్ చూపించడానికి తీసుకెళ్లింది. ఎంతో ఎత్తున ఉంది ఫ్లాట్. స్ట్రెచర్ పట్టేంత లిఫ్టు, కరెంటు పోతే జనరేటరు, స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీలు, మంచం పక్కన గంట నొక్కితే సెక్యూరిటీ వచ్చే ఏర్పాటు. మాకేం కావాలో మాకంటే ముందే ఆలోచించి పెట్టింది పిచ్చిది. వంక పెట్టడానికి ఏమీ లేదు.

మావారు బాల్కనీలోకి వెళ్లి చాలాసేపు కిందికి చూశారు.

"వ్యూ ఎలా ఉంది నాన్నా? దీనికోసమే జనం ఎగబడుతున్నారు" అంది అమ్మాయి.

"చూడ్డానికి చాలా బాగుందమ్మా. పలకరించడానికే మరీ దూరం" అన్నారాయన.

తిరిగి వచ్చి మా ఇంటి గేటు ముందు కారు ఆపాక అమ్మాయి అడిగింది: "నా దగ్గర ఉండటం మీకిష్టం లేదా అమ్మా?"

"నీకు దగ్గరగా ఉండాలనే ఉందే. కానీ పక్క బ్లాకులోనే ఉన్నామనుకో, మమ్మల్ని చూసిపోవడం నీకు రోజూ చెయ్యాల్సిన పనైపోతుంది. ఆఫీసు నుంచి అలిసిపోయి వస్తావు, వెళ్లకపోతే ఏమనుకుంటారో అని వస్తావు. అలా రాకు. రావాలనిపించినప్పుడు రా" అన్నాను. అది తల ఊపింది గానీ, నా మాట దానికి గుచ్చుకుందని తెలుస్తూనే ఉంది.

తర్వాత మేమే ఒక బ్రోకర్‌ను పట్టుకుని ఇళ్లు చూడటం మొదలుపెట్టాం. ఈ ఊరివాడే, బైకు మీద ముందు వెళ్తుంటే మేము ఆటోలో వెనక వెళ్లేవాళ్లం. ప్రతి ఇంట్లోనూ మాదొకటే తంతు. మావారు స్నానాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని "ఏమోయ్" అని పిలిచేవారు. నేను వంటింట్లో నిలబడి "ఆఁ" అనేదాన్ని. మొదటిసారి చూసి బ్రోకర్ బిత్తరపోయాడు.

"సార్, అందరు క్లబ్‌హౌస్ ఉందా, స్విమ్మింగ్ పూల్ ఉందా అని అడుగుతరు. మీదేంది సార్, గిట్ల పిలుసుకునుడు?"

సంగతి చెప్పాం. ఆ తర్వాత చూసిన ఇంట్లో తనే వెళ్లి కుళాయి తిప్పి వచ్చాడు. "నల్లా ఇడిసి పిలువుండ్రి సార్. అప్పుడు గద అసలు సంగతి తెలిసేది" అన్నాడు.

చాలా చూశాం. ఒకదానిలో అన్నీ బాగున్నాయి కానీ పట్టపగలు లైటు వెయ్యకపోతే బియ్యంలో రాళ్లు కనపడవు. ఇంకొకదానిలో ప్రతి గుమ్మానికీ ఎత్తైన గడప. మరొకచోట ఆ వరసలో అన్ని తలుపులకూ తాళాలే, అందరూ ఆఫీసులకు పోయేవాళ్లే. పగలంతా ఆ కారిడార్‌లో మా చెప్పుల చప్పుడు మేమే వినాలి. ఎంత చిన్నదైతే చాలు అనే లెక్క కూడా మాకు కుదరలేదు. ఇంట్లోకి వెళ్లగానే నేను వంటింటి కిటికీ చూసేదాన్ని, ఆయన గచ్చు చూసేవారు, ఇద్దరం మొహమొహాలు చూసుకుని బయటికి వచ్చేసేవాళ్లం.

చివరికి గచ్చిబౌలిలో మెయిన్ రోడ్డు వెనక సందులో ఒక పాత అపార్ట్‌మెంటుకు తీసుకెళ్లాడు. ఇంటావిడ నాకంటే కాస్త పెద్దది. భర్త పోయారు, ఒక్కతే ఉంటోంది. పుట్టింది, పెరిగింది అంతా ఈ చుట్టుపక్కల ఊళ్లలోనేనట. మేము పైపైన గదులు చూసి, వెళ్లడానికి చెప్పులు తొడుక్కోబోయాం.

"ఆగుండ్రి. ఇల్లు గిట్లొచ్చి గట్ల పోతే ఏం తెలుస్తది?" అంది. "అన్నం తిని, పొద్దు వాలేదాంక ఉండుండ్రి. ఎండ ఎటుదిక్కు వస్తదో, పైనోళ్లు ఎంత లొల్లి చేస్తరో చూసుకొని పోండ్రి."

మొహమాటపడ్డాం. ఆమె ఊరుకోలేదు. బ్రోకర్ "ఇగ మీరు మీరు మాట్లాడుకోండ్రి" అని జారుకున్నాడు. పచ్చిపులుసు, పప్పు, వేయించిన మిరపకాయలతో అన్నం పెట్టింది. తిన్నాక మావారు హాల్లో కిటికీ పక్కన పేము కుర్చీలో కూర్చున్నారు. మేమిద్దరం వంటింట్లో గిన్నెలు సర్దుతున్నాం. తొంగి చూస్తే ఆయన తల పక్కకి వాల్చి నిద్రపోతున్నారు. జారిపడ్డప్పటి నుంచి ఆయన పగలు కునుకు తీయడం నేను చూడలేదు. మనిషి ఎప్పుడూ ఏదో వింటున్నట్టు ఉండేవారు.

గొంతు తగ్గించి ఆమెను అడిగాను, ఇంత మంచి ఇల్లు ఎందుకు అమ్ముతున్నారని.

"నాకు గీ ఇల్లు పెద్దగైందమ్మా" అంది.

మాకు చిన్నదని చూడ్డానికి వచ్చిన ఇల్లది.

"ఆయన పోయినంక ఆ పడక అర్రలకు పోబుద్ధి గాదు. హాల్లనే చాప ఏసుకొని పంట. శంకర్‌పల్లిల మా చెల్లె ఉంది, అది గూడ ఒక్కతే. ఒక అర్ర, ఒక వంటిల్లు. ఆడికే పోత. ఇద్దరం ఒక్క గిన్నెల వండుకుంటం."

"సర్దుకోగలరా?" అన్నాను.

"చిన్నప్పుడు ఒక్క చెద్దరు కప్పుకొని పన్నోళ్లం. ఇప్పుడేంది?" అని నవ్వింది. పైటతో చేతులు తుడుచుకుంటూ అంది: "శానమంది వచ్చిండ్రమ్మా ఇల్లు సూడనీకి. గోడలు కొట్టి సూశిండ్రు, ఫోటోలు తీసిండ్రు, నిలవడే పోయిండ్రు. మీ సారొక్కడే కుర్సీల నిమ్మలంగ పండిండు."

అప్పుడే హాల్లోంచి "ఏమోయ్" అని వినపడింది. నేను అలవాటుగా "ఆఁ, వస్తున్నా" అన్నాను. వెళ్లేసరికి ఆయన కళ్లు నులుముకుంటూ, పరాయి ఇంట్లో నిద్రపోయానే అని సిగ్గుపడుతూ చుట్టూ చూస్తున్నారు. ఆరోజు స్నానాల గది తలుపు వేసి చూడటం ఇద్దరికీ గుర్తే రాలేదు. దిగేటప్పుడు లిఫ్టులో ఆయన "ఏమంటావ్?" అన్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

పాత ఇల్లు ఖాళీ చెయ్యడమే కష్టమైంది. మొదట గొడవ పడింది భోజనాల బల్ల దగ్గర. ఆ పెద్ద బల్ల కొత్త హాల్లో పడితే మనుషులు పట్టరు. చివరికి వీధి మలుపులో కర్రీ పాయింట్ పెట్టుకున్న ఆమెకు ఇచ్చేశాం. దాని మీద కూరల ట్రేలు వరసగా పేర్చి ఉండటం చూసినప్పుడు ఆయన దగ్గరికెళ్లి ఒకసారి చేత్తో తడిమి, గోంగూర కట్టించుకుని వచ్చారు. వైర్లూ స్విచ్చులూ నింపిన తన పాత పెట్టెను మాత్రం వదలనన్నారు. నేను కుట్టుమిషన్ వదలనన్నాను. రెండూ వచ్చాయి.

కొత్త ఇంట్లో మొదటి వారాలు సుఖంగా గడిచాయని చెప్పను. ఇన్నేళ్లకు మళ్లీ ఒకే గదిలో పడుకుంటున్నాం. ఆయనకి ఫ్యాను జోరుగా తిరగాలి, నాకు చలి. పొద్దున్నే ఆయన వార్తలు, నాకు విష్ణు సహస్రనామం. ఒకరికొకరం అడ్డం. "వండేటప్పుడు నీలో నువ్వు మాట్లాడుకుంటావని నాకు తెలియనే తెలియదే" అన్నారు ఒకరోజు, నా గురించి కొత్త సంగతి కనిపెట్టినట్టు. మర్నాటి నుంచి వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, నేను నాతో అనుకునే మాటలకు ఆయన జవాబు చెప్పడం మొదలుపెట్టారు.

అమ్మాయి గృహప్రవేశానికి వచ్చి అన్నీ సర్ది వెళ్లింది. తర్వాత ఫోన్లే. రావాలనిపించినప్పుడే రమ్మని నేనే అన్నాను కాబట్టి మళ్లీ రమ్మని అడగలేదు.

వానాకాలంలో ఒక సాయంత్రం కుండపోత. రోడ్డు మీద బస్సులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. తలుపు తీస్తే అమ్మాయి, తలంతా తడిసి, లాప్‌టాప్ బ్యాగును పసిపిల్లలా గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. ఆఫీసు బస్సు కదలకపోతే దిగి నడిచి వచ్చిందట. నా పాత చీర చుట్టుకుని, వేడివేడి ఉప్మా తింటూ, ఆఫీసు కాల్‌లో కూర్చుంది. మావారు శబ్దం కాకుండా నడుస్తూ నా చెవిలో "మనం మాట్లాడొచ్చా?" అని అడిగారు. అది విని అమ్మాయికి నవ్వు ఆగక పొలమారింది. వాన వెలిశాక అల్లుడు వచ్చి తీసుకెళ్లాడు.

తర్వాతి వారం చుక్క వాన లేదు. ట్రాఫిక్ కూడా లేదు. అయినా సాయంత్రం గంట మోగింది.

"బస్సు ఆగిపోయిందా?" అన్నారు మావారు తలుపు తీస్తూ.

"లేదు నాన్నా, ఆకలేసింది" అంది, చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి నడుస్తూ.