దేవమ్మ పాట ఎత్తితే

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయే దారిలో బస్సు దిగి, పత్తిచేల వెంబడి ఒక మైలు నడిస్తే వచ్చే ఊళ్లో చర్చిపేట దేవమ్మ అంటే తెలియనివాళ్లు లేరు. అరవై ఏడేళ్ల మనిషి. చదువు రాదు. సంతకం పెట్టమంటే బొటనవేలు ముందుకు చాపుతుంది. పాటలు మాత్రం ఎన్ని వచ్చో ఆమెకే తెలియదు. కొన్ని మామ దగ్గర నేర్చింది, కొన్ని పత్తి ఏరుతూ పక్క సాలులో నడిచే ఆడవాళ్ల దగ్గర పట్టుకుంది, మిగతావి ఎక్కడివో గుర్తు లేదు. నలభై ఏళ్ల పాటు ఆ పేట చర్చిలో పాట ఎత్తింది ఆమే.

పాట ఎత్తడమంటే పెద్ద విద్యేమీ కాదు. పాటల పుస్తకం చదవగలిగినవాళ్లు పేట మొత్తానికి నలుగురైదుగురు ఉన్న రోజుల్లో పుట్టిన పద్ధతి. ఒకరు ఒక పాదం పాడి ఆగుతారు. చాపల మీద కూర్చున్నవాళ్లంతా అదే పాదాన్ని అందుకుంటారు. ఆ పాదం అయ్యాక ఎత్తేవాళ్లు రెండోది పాడతారు. పుస్తకం అక్కర్లేదు, అక్షరం అక్కర్లేదు, చెవులుంటే చాలు. దేవమ్మ ఎత్తితే గొర్రెలు తోలుకుపోయేవాడు కూడా చర్చి గోడ పక్కన ఒక నిమిషం నిలబడేవాడు. ఈ మాట నేను అనడం కాదు, ఆమే అంటుంది. కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

అంతటి మనిషిని వెనక చాప మీదికి పంపింది ఎవరో పరాయివాడు కాదు, సొంత మనవడు రవికుమార్. ఎమ్మిగనూరులో కరెంటు పని చేసి సంపాదించుకున్న డబ్బుతో కీబోర్డు కొనుక్కొచ్చాడు. వయసు పిల్లలంతా వాడి చుట్టూ చేరారు. పాట గోడ మీద తెర కట్టి చూపించడం మొదలైంది.

"అవ్వా, నువ్వు పాటను మరీ సాగదీస్తాండావు. నా కీబోర్డు తాళానికి అందడంల్యా" అన్నాడొక ఆదివారం, అందరూ వింటుండగా.

"నా పాటను నీ పెట్టెనే అందుకోమను" అంది దేవమ్మ.

పిల్లలు నవ్వారు. పెద్దలు కూడా కొంచెం నవ్వారు, అదే ఆమెను ఎక్కువ నొప్పించింది. ఆ మరుసటి వారం నుంచి ఆమె పాట ఎత్తలేదు. మనవడికి జొన్నరొట్టె చేసి పెట్టడం మానలేదు, మాట్లాడటమూ మానలేదు. కానీ కీబోర్డు పెట్టె తన ఇంట్లోకి వస్తే మాత్రం దాని మీద గిన్నె పెట్టేది, కూరగాయలు పెట్టేది, కావాలనే.

అట్లా రెండేళ్లు గడిచాక కరోనా వచ్చిపడింది. మార్చి నెల ఆఖరున చర్చికి తాళం వేశారు. పేటలో సగం మంది అప్పటికి సుగ్గికి, అంటే కోతల కాలపు కూలి వలసకు పోయి గుంటూరు వైపు మిరపచేలల్లో ఉన్నారు. రావడానికి బండ్లు లేవు. ఏడు ఊళ్ల సంఘాలను చూసుకునే పాస్టరు ప్రకాష్ అయ్యగారు ఆదోనిలో తన ఇంట్లో ఇరుక్కుపోయారు. ఈస్టర్‌కు ముందు వారం వచ్చే మట్టల ఆదివారం దగ్గరపడుతోంది. అప్పుడు రవికుమార్ ఒక ఉపాయం తీశాడు. ఒక నంబరుకు ఫోను చేస్తే అందరూ ఒకే చోట కలుస్తారు, బటన్ల ఫోను ఉన్నా చాలు, సుగ్గిలో ఉన్నవాళ్లు కూడా కలవొచ్చు అన్నాడు. అయ్యగారు సంతోషంగా ఒప్పుకున్నారు.

ఆ మొదటి ఆదివారం జరిగిన ఆరాధన చెప్పుకుంటే ఇప్పటికీ పేటలో కడుపు పట్టుకుని నవ్వుతారు. ప్రార్థన బాగానే అయింది. పాట అందుకోగానే అరవై ఫోన్లలో అరవై గొంతులు ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. పేటవాళ్లు మొదటి పాదం ముగించేసరికి గుంటూరువాళ్లు సగంలో ఉన్నారు. రవికుమార్ కీబోర్డు ఫోనులో కీచుమని ఒకసారి అరిచి, ఆగి, మళ్లీ అరిచింది. మధ్యలో భీమమ్మ ఇంటి మేక. ఆ మేకను భీమమ్మ తిట్టిన తిట్లు అయ్యగారితో సహా సంఘమంతా విన్నది.

దేవమ్మకు ఇవేవీ పట్టలేదు. ఫోనులో పాట ఆలస్యంగా అందుతుందని ఆమెకు తెలియదు. గుంటూరులో ఉన్నవాళ్లు బద్ధకంగా పాడుతున్నారనుకుంది.

"మిరపకాయలు కోసి కోసి నోళ్లు పడిపాయనా ఏంది? గట్టిగ అందుకోండి!" అని ఫోనులో గద్దించింది.

అక్కడివాళ్లు పాపం ఇంకా గట్టిగా, ఇంకా ఆలస్యంగా పాడారు.

రవికుమార్ చేతులెత్తేశాడు. ఇకమీదట పాట వద్దు, బైబిలు వాక్యమూ ప్రార్థనా చాలు, ఎవరి ఫోనుకు వాళ్లు మ్యూట్ నొక్కుకోండి అని ఖరాఖండిగా చెప్పాడు. గుడ్ ఫ్రైడే అట్లాగే గడిచింది. పాట లేని గుడ్ ఫ్రైడే దేవమ్మ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఆ మధ్యాహ్నం ఆమెకు అన్నం సహించలేదు. శనివారం పొద్దున మనవడి ఇంటికి పోయి గుమ్మం బయటే, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

"రేయ్ రవీ, రేపు ఈస్టర్ రా. రేపు గూడా పాట ల్యాకుండా సేస్తావా?"

"ఏం సేయమంటావు అవ్వా? అందరూ ఒగేసారి పాడితే కుదరదు."

"అందరూ ఒగేసారి యాలకు పాడాల? నేను ఒగ పాదం పాడి నోరు మూసుకుంటా. ఎవురింట్లో వాళ్లు అందుకుంటారు. మల్ల నేను రెండోది పాడతా. నీ మ్యూటు నాకు తప్ప అందరికీ వేసుకోమను."

రవికుమార్ నెమ్మదిగా అన్నాడు. "అట్లయితే వాళ్లు పాడేది నీకు ఇనపడదు గదా అవ్వా."

"దేవునికి ఇనపడతాది లే. నాకు యాలకు?"

అలా అన్నది కానీ, ఈస్టర్ తెల్లవారుజామున ఫోను ముందు కూర్చునే ముందు కిటికీ తలుపులు రెండూ తెరిచి పెట్టుకుంది. మొదటి పాదం ఎత్తి ఆగింది. ఫోనులో ఏమీ లేదు. ఎంతసేపు ఆగాలో తెలియక, అవతలివాళ్లకు సమయం చాలాలి కదా అని ఆ పాదాన్నే మనసులో పాడుకుంది. అది ముగుస్తుండగా కిటికీలోంచి వినపడింది. పక్కింటి నుంచి, ఎదురింటి నుంచి, ఆ వెనక సందు నుంచి, ఎవరి గడప దగ్గర వాళ్లు కూర్చుని పాడుతున్న పేట మొత్తం. ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆరాధన అయ్యాక గుంటూరు నుంచి ఫోన్లు వచ్చాయి. ప్రతి ఏడూ సుగ్గికి పోయి ఈస్టర్ పోగొట్టుకునే తమకు ఇన్నేళ్లకు పండుగ దక్కిందని ఏడ్చారు.

ఆ ఏడాది చర్చి తెరిచేదాకా ఫోనులో పాట ఎత్తింది దేవమ్మే. తెరిచిన తరువాత కీబోర్డు తిరిగి వచ్చింది. కానీ ఆరాధన మొదటి పాట అవ్వ ఎత్తాలని రవికుమారే తీర్మానం చేశాడు. ఆమె కూడా పెట్టె మీద గిన్నెలు పెట్టడం మానేసింది. ఇద్దరి మధ్యా రాజీ అంటే అదే, నోటితో ఎవరూ ఏమీ అనలేదు.

మరుసటి ఏడాది మే నెలలో రెండోసారి వచ్చిన కరోనా ఆ పేటను వదల్లేదు. చర్చి మళ్లీ మూశారు. రవికుమార్‌కు జ్వరం తగిలింది. ఎండలో స్తంభాలెక్కి పని చేశాడు కదా, వడదెబ్బేమో అనుకున్నారు. నాలుగో రోజు ఊపిరి ఆడక కూర్చుండిపోయాడు. ఆదోనిలో ఒక ఆసుపత్రిలో చేర్చుకున్నారు. తోడుగా ఎవరినీ లోపలికి రానివ్వలేదు. తండ్రి పెద్దయ్యకూ జ్వరం అంటుకుని ఇంట్లో లోపలి గదిలో పడుకున్నాడు. తల్లి శోభ ఆ గదికీ ఫోనుకూ మధ్య తిరుగుతూ ఉండిపోయింది. దేవమ్మ కోడలికి తోడుగా ఆ ఇంటికే వచ్చేసింది.

రవికుమార్ చేతిలో ఫోను ఉంది. మాట్లాడే ఓపిక లేదు. మూతికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. వినగలడు, అంతే. ఆ సంగతి తెలియగానే దేవమ్మ అయ్యగారికి ఫోను చేసింది.

"అయ్యగారూ, ఆదివారం దాకా నేను ఉండలేను. దినామూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఒగ పాట పెట్టండి. వాడు ఇంటాడు."

సంఘం ఒప్పుకుంది. రోజూ సాయంత్రం పది నిమిషాలు, ఒకే ఒక్క పాట. ఆమె ఎత్తింది మామ కట్టిన పాట. ఆయన కూలికోసం తుంగభద్ర దాటిపోయే రోజుల్లో కట్టుకున్నది, ఏ పుస్తకంలోనూ లేదు.

ఏరు దాటే వేళ చేయి పట్టుకో తండ్రీ
నీరు లోతైతే నన్ను ఎత్తుకో తండ్రీ

ఎత్తే ముందు ప్రతిరోజూ కోడలిని ఒకటే అడిగేది. "వాడుండాడా?" శోభ ఫోనులో పేర్ల వరుస చూసి, "ఉండాడత్తా" అనేది. అప్పుడు గొంతు లేచేది. పేట అంతా గడపల దగ్గర నుంచి అందుకునేది. ఆదోనిలో మంచం మీద ఉన్నవాడు అందుకోలేడని తెలుసు. అయినా ప్రతి పాదం తరువాత వాడికోసం ఇంకొంచెం ఎక్కువసేపు ఆగేది. సాగదీస్తోందని ఇప్పుడు ఎవరూ అనలేదు.

ఏడు రోజులు అట్లా నడిచింది. ఎనిమిదో రోజు సాయంత్రం శోభ పేర్లన్నీ రెండుసార్లు చూసింది. రవికుమార్ పేరు లేదు. ఫోను చేస్తే స్విచాఫ్. తొమ్మిదో రోజూ లేదు. అయ్యగారు మాస్కు మీద మాస్కు కట్టుకుని ఆసుపత్రి గేటు దాకా పోయి వచ్చారు. "వార్డు మార్చారంట. ఎందుకు మార్చారో చెప్పేవాళ్లు దొరకలేదు" అన్నారు. ఆ రోజుల్లో వార్డు మార్చారంటే పేటలో అందరికీ ఒకటే అర్థం.

పదో రోజు సాయంత్రం దేవమ్మ గోడకు ముఖం తిప్పుకుని పడుకుంది. పాట ఎత్తడం మానేసిన ఆ రెండేళ్లలో కీబోర్డును ఎన్నిసార్లు తిట్టిందో, పగిలిపోనీ అని ఎన్నిసార్లు అన్నదో అన్నీ ఒక్కొక్కటిగా గుర్తొస్తున్నాయి. భయం ఆమెకు కొత్త కాదు, కరువులు చూసింది, మొగుణ్ణి పూడ్చింది. కానీ ఇంత భయం ఎప్పుడూ పడలేదు.

"నా సేత కాదు శోభా. గొంతు లేయడంల్యా."

శోభ ఫోను తెచ్చి ఆమె ముందు పెట్టింది. ఏడుపు ఆపుకుని, గట్టిగానే అంది. "అత్తా, ఈ పొద్దు నువ్వు ఎత్తకపోతే వాడు పోయినాడనే అనుకుంటారు పేటలో. నేను గూడా అట్లే అనుకుంటా. లెయ్యి."

దేవమ్మ లేచి కూర్చుంది. ఆ రోజు వాడున్నాడా అని అడగలేదు. కళ్లు మూసుకుని మొదటి పాదం ఎత్తింది. గొంతు రెండుచోట్ల జారింది. ఆగింది. కిటికీ బయట పేట అందుకుంది, మునుపెన్నడూ లేనంత గట్టిగా.

అంతలో ఫోనులో ఏదో గోల. చక్రాల బండి లాగుతున్న చప్పుడు, ఎవరో ఎవరినో పిలవడం, పాత్ర కింద పడటం.

"భీమమ్మా! ఎన్నిసార్లు సెప్పల్ల నీకు? ఫోను నోరు మూయి!" అని అరిచింది దేవమ్మ.

గోల ఆగలేదు. దాని మధ్యలోంచి దగ్గు వినపడింది. తరువాత ఒక గొంతు, బొంగురుగా, అరిగిపోయి.

"భీమమ్మ కాదవ్వా... నేను."

శోభ ఫోను మీదికి వంగి పేర్ల వరుసలో కొడుకు పేరు వెతికింది. లోపలి గదిలోంచి పెద్దయ్య "ఎవురు? ఎవురది?" అని కేకలు వేస్తున్నాడు.

"యాడుండావురా?" అంది దేవమ్మ.

"ఆసుపత్రిలోనే. ఆక్సిజన్ తీసేసి... మామూలు వార్డుకు మార్చినారు. నా సంచి, ఫోను... ఆడనే ఉండిపాయ. ఇప్పుడు తెచ్చిచ్చినారు." కొంచెం ఆగి ఊపిరి తీసుకున్నాడు. "బాగుండా అవ్వా. పాడు. రెండోది ఎత్తు."

ఆమె నోరు తెరిచింది. ఏమీ రాలేదు. నలభై ఏళ్లు పాడిన పాట, నిద్రలో లేపి అడిగినా తప్పకుండా చెప్పే పాదం, ఎక్కడికి పోయిందో పోయింది. కన్నీళ్లు మాత్రం ధారగా కారుతున్నాయి. ఫోనులో అయ్యగారు, గుంటూరువాళ్లు, పేటవాళ్లు అందరూ కాచుకుని ఉన్నారు.

అప్పుడు వాడే ఎత్తాడు. తాళం లేదు, శ్రుతి లేదు.

"నీరు లోతైతే..."

అక్కడికే ఊపిరి చాలక ఆగిపోయాడు. దేవమ్మ ఫోనును రెండు చేతులా పట్టుకుని, మనవడు పాడినంత వరకే, వాడు పాడినట్టే, అందుకుని పాడింది.