వేలం పిలిచే గొంతు

మా నాయన హిందూపురం చింతపండు మార్కెట్టులో వేలం పిలిచేవాడు. ఆయన గొంతు ఆ కొస దాకా వినపడితేనే మా పొయ్యి వెలిగేది. రెండు వేల సంవత్సరం దాటాక ఆయనకు పిత్తాశయంలో రాళ్లున్నాయన్నారు. మత్తిచ్చి, ఊపిరి కోసం గొంతులోకి గొట్టం దింపి ఆపరేషన్ చేస్తామన్నారు. ధర్మవరంలో మా మేనత్తకు అలాంటి గొట్టమే వేసి తీశాక చాలా రోజులు గొంతు పెగల్లేదు.

ఆస్పత్రికి పోను పెనుకొండలో బస్సెక్కింది మొదలు నాయనకు ఒకటే నూరిపోశాను. "ఈ డాక్టర్లను ఊరికే నమ్మొద్దు నాయనా."

ఆపరేషన్ పొద్దున మత్తు డాక్టరు ఒక గ్లాసు తెచ్చాడు. "అతిమధురం వేర్లు నానబెట్టిన నీళ్లు. ఇప్పుడు పుక్కిలిస్తే గొట్టం తీశాక గొంతు మంట తక్కువుంటుంది. చుక్క కూడా మింగకూడదు" అన్నాడు.

అంత చదువు చదివి నాటుమందా! నాకు ఒళ్లు మండింది. "రాత్రి నుంచి నోరు కట్టేసి, ఇప్పుడు ఇదేంది సార్?"

"ఉమ్మేసేదే కదమ్మా."

నాయన ఆ నీళ్లతో పెదవులు తడిపి, బుగ్గలు ఆడించి ఉమ్మేశాడు.

"ఏం పెద్దాయనా, గొంతులో గరగర లేదే?" అన్నాడు డాక్టరు.

"రోజా ఉపవాసం ఉన్నప్పుడు, నమాజుకు ముందు వజూకి నోరు కడిగేది ఇట్లే సార్. లోపలికి పోతే రోజా చెడుతుందని భయం. మీరూ మింగొద్దంటిరి కదా."

డాక్టరు నవ్వలేదు. "ఇది రోజా కాదు. తల వెనక్కి వాల్చి, గొంతు దాకా పోనిచ్చి ఉమ్మేయండి. గొట్టం కూడా సన్నదే వేస్తాను. దాని కొసనుండే బుడగ గొంతును ఒత్తకుండా గాలి కొలిచి నింపుతాను."

నాయన నా వైపు చూశాడు. నేను మొహం తిప్పుకున్నాను. ఆయనే తల వాల్చి గరగరమనిపించాడు.

మధ్యాహ్నం వార్డుకు తెచ్చారు. కళ్లు తెరిచాడు, మాట లేదు. "మాట్లాడు నాయనా" అంటే గొంతు మీద చెయ్యి పెట్టుకుని అడ్డంగా తల ఊపాడు. అనుకున్నంతా అయింది! డాక్టరు రాగానే మీద పడ్డాను.

"మా నాయన గొంతు యాడికి పోయింది? ఏర్లు నానబెట్టిన నీళ్లు పోసి నాశనం చేస్తిరే! ఆ గొంతు తప్ప మాకేముండాది సార్?"

"నోరు ముయ్యే!"

వెనక మంచం మీద నుంచి నాయన గొంతు. కాస్త బొంగురే గానీ వార్డు ఆ చివర దాకా వినపడింది.

"పోయిందేమోనని భయపడి నేనే నోరు తెరవల్యా. ఆయప్పను ఎందుకు అంటాండావు?"

మంచం పట్టె పట్టుకుని ఏడ్చేశాను.

"ఇంకా తిట్టు నాయనా" అన్నాను.