బీకన్ మీది బొట్టు

తొంభైల చివర్లో తిరుపతి దగ్గర రెండు చిన్న విమానాలున్న ఒక కంపెనీలో నేను మెకానిక్‌ని. విమానం తోకలో నారింజరంగు పెట్టె ఒకటుంటుంది, బీకన్ అంటాం. విమానం కూలితే ఎక్కడ పడిందో అదే సంకేతం పంపుతుంది. దాని బ్యాటరీ గడువు తీరేలోగా మార్చే పూచీ నాది. నెలకోసారి పెట్టె మీది తేదీ చూసి రిజిస్టరులో సంతకం పెట్టాలి.

ఆ యేడు ఆయుధపూజకు పానాల నుంచి ప్రొపెల్లర్ దాకా అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టాం. బీకన్‌కూ ఎవరో పెట్టారు, సరిగ్గా తేదీ మీద, అరచెయ్యంత. తరవాతి తనిఖీకి అది ఎండి గట్టిపడిపోయింది. పూజ బొట్టు తుడవడానికి నాకు చెయ్యి రాలేదు. ఇంకా గడువుందిలే అనుకుని సంతకం గీకేశాను. ఆ పై నెలా అంతే. నా తెలివి తగలెయ్య!

ఒక మధ్యాహ్నం మా పైలట్ సారు ఒక్కరే కడప నుంచి తిరిగి రావాలి. ఆయనది మా పక్కనే వడమాలపేట, మాటా ఆ యాసే. రెండింటికి రావలసిన మనిషి మూడున్నరైనా రాలేదు. శేషాచలం కొండల మీద మబ్బులు కమ్మి మోడం పట్టింది. రేడియోలో పలుకు లేదు. అందరూ ఆకాశం వైపు చూస్తున్నారు, నాకు మాత్రం ఆ కుంకుమే కళ్లముందుంది. ఆ అడవిలో పడి, బ్యాటరీ చచ్చి ఉంటే ఆయన్ని ఎక్కడని వెతుకుతారు? ఏడుకొండలవాడా అని చేతులు జోడించాను. దండం పెట్టే మొహమా నాది!

నాలుగుంబావుకు ఫోను మోగింది. నేనే ఎత్తాను.

"మోడం పట్టిందని మళ్లీ కడపకే పొయ్యి దిగినాలేప్పా. ఫోను కోసం ఊళ్లోకి నడిసి రావాల్సొచ్చింది. గాబరా పడినారా?"

అబ్బ, ప్రాణం లేచొచ్చింది. ఫోను పెట్టేసి అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను.

మర్నాడు విమానం రాగానే తడిగుడ్డతో బొట్టు తుడిచాను. గడువు తీరి నలభై రోజులైంది. కొత్త బ్యాటరీ మా స్టోర్లోనే ఉంది, అదీ సిగ్గుచేటు. అది బిగించాక సారు దగ్గరికెళ్లి అంతా చెప్పేశాను.

"ఆ బొట్టు పెట్టింది నేనే గదప్పా. నన్ను కాపాడేది అదేనని కాస్త ఎక్కువే పూసినా."

"తుడవాల్సింది నేను, సార్."

మరుసటి యేడు పూజలో బీకన్ దగ్గరికొచ్చేసరికి ఆయన గంధం గిన్నె నా చేతికిచ్చారు.

"యాడ పెట్టాలో నువ్వే సూడు."