తప్పులు కావాలన్న టీచరమ్మ

మా వీధి టీచరమ్మ పోయారని సోమవారం పొద్దున పాలాయన చెప్పాడు. గిన్నె పట్టుకొని అట్లాగే నిలబడ్డాను. "బుధవారం వస్తా, మీ చెల్లెలు తెప్పించిన ఆ రెండు పుస్తకాలూ తీసిపెట్టు. ఏది ఏ పిల్లకో చూద్దాం" అని శనివారమే ఆమె నాతో అన్నారు.

మా చెల్లెలు గిద్దలూరులో ఉద్యోగం చేస్తుంది. దాని ఇద్దరు ఆడపిల్లలు మార్కాపురంలో నా దగ్గరే ఉంటారు. పెద్దదానికి పదేళ్లు. కథ చెప్పమంటే పొద్దుగూకేదాకా చెబుతుంది, రాయమంటే అక్షరాలు తిరగబడతాయి. చిన్నదానికి ఎనిమిది. చూసి రాయమంటే అచ్చు గుద్దినట్టు రాస్తుంది, సొంతంగా ఒక్క వాక్యం రాయదు. బడిలో పెద్దదాన్ని మొద్దన్నారు. ఆ మాటకు చెల్లెలు ఇద్దరినీ మాన్పించి, "అక్కా, ఇంట్లో నువ్వే చెప్పు" అని నాకు అప్పగించింది.

నాకేం తెలుసు? ఎవరికీ తక్కువ చేయకూడదని ఇద్దరికీ ఒకే రకం రాత పుస్తకాలు తెచ్చాను. టీచరమ్మ చూసి నవ్వారు.

"ఏందమ్మాయ్, ఇద్దరికీ ఒకే కొలత గౌను కుట్టించినావా?"

రాచర్లలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. వారానికి రెండు రోజులు వచ్చేవారు. మోకాళ్ల నొప్పులున్నా కుర్చీ వద్దని పిల్లల పక్కన నేల మీదే కూర్చునేవారు. పెన్సిల్ కొప్పులో దోపుకునేవారు. ఎర్ర సిరా ముట్టేవారు కాదు. పెద్దది చెప్పే కథ తాను రాసి, మర్నాడు దానిచేతే చదివించి, ఒక్క వరుస రాయమనేవారు. చిన్నదాని ముందు నుంచి పుస్తకాలన్నీ తీసేసేవారు.

"తప్పు రాయి తల్లీ. నాకు తప్పులు కావాల."

"నాకు తప్పులు రావవ్వా."

"నేర్పిస్తా రా."

మా నాయన పలకల ఫ్యాక్టరీలో పని చేశాడు. సాయంత్రం దీపం పెట్టేముందు ఇంట్లో పలకలు కడిగి దేవుడి దగ్గర పెట్టడం అప్పటినుంచీ మాకు అలవాటు. మొన్న మాఘమాసంలో ఒక రోజు అట్లాగే కడిగాను. పెద్దది తనంతట తాను రాసిన మొదటి వాక్యం ఆ పలక మీద ఉందట. టీచరమ్మకు చూపించాలని దాచుకుందట. ఏం రాశావని అడిగితే చెప్పలేదు. ఆ సాయంత్రం దీపం ముందు కూర్చున్నాను కానీ ఏమని మొక్కుకోవాలో తెలియలేదు.

టీచరమ్మ నన్ను కోప్పడలేదు. "కడిగినావు, సరే. ఇంకమీదట చదివినాక కడుగు. రాతలున్న పలకని దేవుడు చూడలేడా ఏంది?" అన్నారు.

పెద్దది మాత్రం ఆ తర్వాత మళ్లీ సొంతంగా రాయలేదు.

చెల్లెలు ఫోన్లో వెతికి కొత్త పుస్తకాలు రెండు తెప్పించింది. ఒకటి మాట్లాడించి రాయించేది. ఇంకొకటి అక్షరాలు దిద్దించడం నుంచి మొదలుపెట్టి రోజుకో మెట్టు ఎక్కించేది. పెద్దదానికి మాటలున్నాయి కాబట్టి మొదటిదా, చెయ్యి సాగదు కాబట్టి రెండోదా? చిన్నదానికైతే ఏది? ఆలోచించేకొద్దీ ఇద్దరికీ రెండూ సరే అనిపిస్తుంది, ఇద్దరికీ రెండూ వద్దనీ అనిపిస్తుంది. అడుగుదామంటే టీచరమ్మ లేరు.

నిన్న మధ్యాహ్నం ఆ రెంటినీ ముందేసుకొని కూర్చున్నాను. వసారాలో పిల్లలు టీచరమ్మ గురించి రాస్తున్నారు. పెద్దది చెబుతోంది, చిన్నది రాస్తోంది. ఇది మంచిదో కాదో కూడా నాకు అంతుపట్టలేదు. చెప్పేది చెబుతూనే ఉంది, చూసి రాసేది ఇప్పుడు విని రాస్తోంది, అంతే కదా!

"అవ్వ మెల్లగా నవ్వేది. రాయి" అంది పెద్దది.

చిన్నది పెన్సిల్ ఎత్తింది. "మెల్లగా యాడ నవ్వేది? వీధంతా వినపడేది. నేను అదే రాస్తా."

"నేను చెప్పింది రాయే!"

"రాయను. కావాలంటే నువ్వే రాసుకో, పో."

పెద్దది పెన్సిల్ పట్టుకొని లాగింది. చిన్నది వదల్లేదు. విడదీద్దామని లేవబోయి మళ్లీ కూర్చున్నాను. ఒక్క పెన్సిల్ మీద రెండు చేతులు. కాగితం మీద పెద్దదాని 'అ' తిరగబడి పడింది, దాని పక్కన ఇంకో అక్షరం మొదలవుతోంది.