కనిగిరి ప్రయాణం మీద మా ఇంటి ప్రార్థనలు

నేను కాపురానికి వచ్చిన మొదటి ఏడాది సంగతి. మా అత్తగారి ఊరు పెదకాకాని దగ్గర. మామయ్యగారు హెడ్మాస్టరుగా రిటైరై చర్చిలో సంఘపెద్దగా ఉండేవారు. ఆయనా అత్తయ్యా ఎదురుబొదురుగా పోట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఏం తేల్చుకోవాలన్నా సాయంత్రం కుటుంబ ప్రార్థనలో దేవుడి ద్వారానే తేల్చుకునేవాళ్లు.

ఎండలు ముదురుతుండగా కనిగిరి నుంచి అత్తయ్య చెల్లెలు ఫోన్ చేసింది. కొత్త ఇల్లు కట్టుకున్నారట. శనివారం గృహప్రతిష్ఠ ప్రార్థన, అందరూ రావాలంది. అత్తయ్య అప్పటికప్పుడే పట్టుచీర ఇస్త్రీకి పంపింది. మామయ్యగారు మాత్రం, "చూద్దాం, దేవుని చిత్తం ఎలా ఉందో" అన్నారు.

అసలు సంగతి మా ఆయన నా చెవిలో వేశాడు. క్రితంసారి కనిగిరిలో మామయ్యగారు వాక్యం చెబుతుంటే తోడల్లుడు లేచి, "అన్నయ్యా, ఆ మాట బైబిల్లో మీరు చెప్పిన పత్రికలో లేదు, పక్క పత్రికలో ఉంది" అన్నాడట. అందరూ బైబిళ్లు తిరగేశారు. పక్కదాంట్లోనే ఉంది. అప్పట్నుంచీ మామయ్యగారికి కనిగిరి పేరెత్తితే పడదు.

ఆ సాయంత్రం ఆయన కళ్లు మూసుకుని మొదలుపెట్టారు. "ప్రభువా, ఈ ఎండల్లో అంత దూరం ప్రయాణం మంచిదో కాదో నీకు తెలుసు. నీ దాసురాలి మోకాళ్ల నొప్పులూ నీకు తెలుసు."

అత్తయ్య ఆయన్ని ముగించనివ్వలేదు. "తండ్రీ, నీ దాసురాలి మోకాళ్లు బాగానే ఉన్నాయి. మొన్న ఒంగోలు పెళ్లికి ఎండలోనే తీసుకెళ్లి తీసుకొచ్చావు, నీకు స్తోత్రం."

"కళ్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి ప్రభువా. ఒక్క జల్లు పడిందంటే..."

"పట్ట కప్పడానికి మా మరిది ఉన్నాడు తండ్రీ. ఆయనకి మంచి ఆరోగ్యం కూడా ఇచ్చావు."

మా ఆయన నవ్వాపుకోలేక దగ్గుతూ కూర్చున్నాడు. ఆమెన్ చెప్పుకున్నారు గానీ ఏదీ తేలలేదు.

మర్నాడు అత్తయ్య, "ఇవాళ కోడలు చేస్తుంది ప్రార్థన" అంది. ఒకరి వైపు మాట్లాడితే రెండోవాళ్లకి కోపం. అందుకని పాస్టరుగారి కోసం, ఊళ్లో జ్వరాలతో ఉన్నవాళ్ల కోసం, పత్తి ధర కోసం, ఎదురింటి గేదె కోసం కూడా ప్రార్థించాను. ఇంక ఎవరూ మిగల్లేదు. ప్రయాణం సంగతి ఎత్తక తప్పలేదు.

"ప్రభువా, ఈ ప్రయాణం గురించి మామయ్యగారి మనసు నీకు తెలుసు, అత్తయ్యగారి మనసు నీకు తెలుసు. మా ఇష్టం కాదు ప్రభువా, అత్తయ్యగారి చిత్తమే జరుగును గాక!"

"ఆమెన్!" అన్నారు మామయ్యగారు, అలవాటుకొద్దీ, గట్టిగా.

'నీ చిత్తమే' అనబోయి నేనేమన్నానో నాకు అప్పుడు తెలిసింది. మా ఆయన లేచి పెరట్లోకి పరిగెత్తాడు. నేను తలెత్తలేదు. అత్తయ్య నింపాదిగా చాప చుడుతూ, "ఆమెన్ అన్నాక ఇంకేముంది. శనివారం పొద్దున్నే బయల్దేరదాం" అంది.

"అది నోరు జారి అన్నది!"

"దేవుడు ఎవరి నోటితోనైనా పలికిస్తాడని మొన్న ఆదివారం చెప్పింది మీరేగా."

శనివారం పొద్దున కారు వెనక, మా సీటు మీదుగా చెయ్యి చాపితే అందేలా, చెల్లెలి కోసం ఎండుమిరపకాయల గోతాం ఎక్కింది. ఏసీ కోసం అద్దాలు బిగించి ఉన్నాయి. మామయ్యగారు ప్రయాణ ప్రార్థన మొదలుపెట్టి, "కృపగల దేవా" అంటూనే పెద్దగా తుమ్మారు. బయల్దేరుతుంటే తుమ్ము! ఆయన కళ్లు తెరిచి ఆశగా అత్తయ్య వైపు చూశారు.

"మనకి శకునాల్లేవు కదండీ," అంది అత్తయ్య. స్టీరింగు ముందున్న మా ఆయనతో, "పోనివ్వరా అబ్బాయ్" అంది.

శకునాలు నమ్మకూడదని ఎన్ని ప్రసంగాలు చేశారో పాపం, మళ్లీ కళ్లు మూసుకుని ప్రార్థన ముగించారు. చిలకలూరిపేట దాటేసరికి మిరప ఘాటుకి నలుగురికీ కళ్లలో నీళ్లు ధారలు. మార్టూరు దగ్గర టీకి ఆగితే కొట్టతను మా ఎర్రటి కళ్లు చూసి గొంతు తగ్గించి, "ఎవరు పోయారండీ?" అన్నాడు.

"ఎవరూ పోలేదయ్యా, గృహప్రతిష్ఠకి వెళ్తున్నాం" అన్నారు మామయ్యగారు ముక్కు తుడుచుకుంటూ. అతను నమ్మినట్టు లేడు.

కనిగిరిలో తోడల్లుడు గేటు దాకా ఎదురొచ్చాడు. "మీరొస్తారనుకోలేదు అన్నయ్యా. నాలుగు రోజులుగా మా ఇంట్లో అదే ప్రార్థన."

"రావాలనా, రాకూడదనా?"

ఆయన పెద్దగా నవ్వాడు. చేతిలో సంచి అందుకుని లోపలికి తీసుకెళ్లి, రిబ్బను కత్తిరించే ముందు ప్రార్థన మామయ్యగారినే చేయమన్నాడు. ఆ ఒక్క మాటతో మామయ్యగారి మొహం విప్పారింది. భోజనాలయ్యాక చూస్తే ఇద్దరూ షామియానా కింద ఒకే బైబిలు ముందేసుకుని, ఎవరికీ వినపడకుండా వాదించుకుంటున్నారు.

సాయంత్రం అత్తయ్య వెళదామంటే మామయ్యగారు కదల్లేదు. "ఇంకో రెండు రోజులుందాం. దేవుని చిత్తం అలాగే ఉన్నట్టుంది."

"మరి కళ్లంలో మిరపకాయలు?"

"మీ మరిదికి మంచి ఆరోగ్యం ఇచ్చాడుగా."

మా ఆయనకి సోమవారం డ్యూటీ ఉండటంతో కారు మామయ్యగారికి వదిలేసి మేమిద్దరం బస్సెక్కి వచ్చేశాం. ఆ బస్సులో ఒక్కరూ తుమ్మలేదు. నేను ఒంగోలు దాకా హాయిగా నిద్రపోయాను.