రాణి రూపాయి మీద రెండు చుక్కలు

నా చిన్నప్పుడు నాకు తోముడు పిచ్చి ఉండేది. చేతికి ఏది దొరికితే దాన్ని చింతపండు, బూడిద పెట్టి తోమి తళతళలాడించేదాన్ని. చెంబులు, గరిటెలు, తలుపు గొళ్లేలు, ఒకసారి మా తాతయ్య గొర్రెల మెడలోని గంటలు కూడా. "ఈ పిల్ల అడుగుపెట్టిన ఇల్లు అద్దం మాదిరి ఉంటాది" అని ఇరుగుపొరుగు మెచ్చుకుంటుంటే ఇంకా ఉబ్బిపోయేదాన్ని. ఆ ఉబ్బే ఒకరోజు నా కొంప ముంచింది.

మాది వరికుంటపాడు దగ్గర పల్లె. మా అవ్వ దగ్గర ఒక రాణి రూపాయి ఉండేది. ఒకవైపు విక్టోరియా రాణి ముఖం, రెండోవైపు చుట్టూ పువ్వుల తీగ, మధ్యలో 1862 అనే అంకె ఉన్న వెండి రూపాయి. వాళ్ల అత్తగారు ఇచ్చిందట. అవ్వ ప్రతి శుక్రవారం దానికి పసుపు రాసి కుంకుమ పెట్టేది. ఏళ్ల తరబడి ఆ పసుపు అక్షరాల సందుల్లో గడ్డకట్టి, రూపాయి వెండిదో ఇత్తడిదో తెలియకుండా పోయింది.

పక్కింటి అక్క దగ్గరా అలాంటి రూపాయే ఉండేది. వాళ్లది చర్చికి వెళ్లే కుటుంబం గనుక దానికి పసుపు లేదు, కుంకుమ లేదు. ఊరికే నల్లబడి ఉండేది. అక్క వాళ్లమ్మ ఈ సంగతికి ముందు ఏడాదే పోయింది. ఆమె తన చేత్తో కూతురికి ఇచ్చిన వస్తువు అదొక్కటే. ఆ వేసవిలో వాళ్లింటి పాత కప్పు విప్పి కొత్తది వేయిస్తున్నారు. ఆ హడావిడిలో పోతుందేమోనని అక్క దాన్ని మా అవ్వకు దాచమని ఇచ్చింది. అవ్వ రెండింటినీ ఒకే డబ్బాలో వేసింది. పసుపుది తనది, నల్లది అక్కది. ఇంక కలిసిపోతాయన్న భయం ఎందుకు?

అవ్వ చేనికి వెళ్లినప్పుడు నేను ఆ డబ్బా తీశాను. తర్వాత ఏం జరిగిందో చెప్పక్కర్లేదు. రెండు రూపాయల్నీ చింతపండుతో నానబెట్టి, పీచుతో రుద్ది, కడిగి, పళ్లెంలో పెట్టుకుని మెప్పు కోసం గడప మీద కూర్చున్నాను.

అవ్వ వచ్చి పళ్లెం చూసి, నెత్తి మీద గడ్డిమోపు దించకుండానే నిలబడిపోయింది. "ఏది ఎవరిదే పాపా?" అంది. రెండూ ఒకటే గదా, చెరొకటి తీసుకుంటే సరిపోతుంది గదా అన్నాను. అవ్వ నా మీదికి చెయ్యెత్తింది, కానీ కొట్టలేదు.

అక్క వచ్చింది. ఒక రూపాయి తీసి చూసింది, పెట్టేసింది. రెండోది తీసింది. "ఏదైతే ఏందిలే అవ్వా" అని నవ్వి, నీళ్లు తాగే వంకతో దొడ్లోకి వెళ్లింది. వెనకే వెళ్లిన నాకు, పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమె ఏడవడం కనబడింది. వాళ్లమ్మ చేతిలో తిరిగిన రూపాయి ఏదో తెలియకుండా ఆమె దేన్ని దాచుకుంటుంది? ఎనిమిదేళ్ల దాన్నైనా ఆ మాట నాకు అర్థమైంది.

పొద్దు వాలుతుండగా మా తాతయ్య మందను తోలుకొచ్చాడు. ఆయనకు అరవై గొర్రెల దాకా ఉండేవి. మా కంటికి అన్నీ ఒకటే గొర్రె. ఆయన మాత్రం చెవికి కోసిన గంట్లు చూసి ప్రతిదాన్నీ వేరుగా పోల్చేవాడు. సంగతి విని ఆయన కోప్పడలేదు. రూపాయల్ని అరచేతిలో వేసుకుని ఎండ మిగిలిన చోటికి నడిచాడు.

"రెండూ ఒకటిగా ఉండాయంటే మనం సరింగా చూళ్లేదని అర్థం. నాకు కళ్లు ఆనవు. నువ్వు చూడు పాపా. గొర్రె చెవి గంట్లు చూసినట్టు అంచు కాణ్ణుంచి చూసుకుంటా రా."

మోకాళ్ల మీద కూర్చుని చూశాను. రాణి ముక్కు, జడ, కిరీటం, తిప్పితే పువ్వులు, ఆకులు. చివరికి దొరికింది. ఒక రూపాయికి 1862 కింద గసగసాలంత చుక్కలు రెండున్నాయి. రెండోదానికి లేవు. నా కేకకు గొర్రెలు బెదిరాయి.

అయితే చుక్కలది ఎవరిది? అవ్వ తల అడ్డంగా ఊపింది. పసుపు కింద ఏముందో ఆమె ఎన్నడూ చూసింది లేదు. అక్కకూ తెలియదు. తాతయ్య చుక్కల రూపాయిని బొటనవేలితో తడిమి, "మీ అమ్మ గాదె మెత్తినప్పుడు దీన్ని అద్దిందా అమ్మా?" అని అక్కను అడిగాడు. మా వైపు ఆడవాళ్లు ధాన్యం గాదెకు మట్టి మెత్తి, అది తడిగా ఉండగానే అందం కోసం గవ్వలో, రూపాయలో ఒత్తేవారు. అక్క ఒక్క పరుగు తీసింది. మేమంతా వెనకే.

కప్పు విప్పడం వల్ల వాళ్ల గాదె బయట చింతచెట్టు కింద ఉంది. మూత ఎత్తితే మూతి అంచున వరసగా రూపాయి అచ్చులు కనబడ్డాయి. చాలావరకు అరిగిపోయాయి. ఒకటి మాత్రం చెక్కుచెదరలేదు. అంకె అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. దాని కిందనే సూదితో గుచ్చినట్టు రెండు గుంటలు. అచ్చుకూ అచ్చుకూ మధ్య మట్టిని సర్దిన బొటనవేలి నొక్కులు కూడా ఉన్నాయి. అక్క ఆ నొక్కులో తన వేలు పెట్టి చాలాసేపు అలాగే నిలబడింది.

చుక్కల రూపాయి అక్క చేతికి వెళ్లింది. తిట్లు తప్పవని నేను అవ్వ వెనక దాక్కున్నాను. అక్క నన్ను బయటికి లాగి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. "నువ్వు తోమబట్టి గదా పాపా, మా అమ్మ వేలు నాకు దొరికింది. లేకుంటే ఈ మూత ఎత్తి ఎవురు చూస్తారు?" అంది. అప్పటిదాకా నేను ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

పెద్దయ్యాక పంతులమ్మనై ఆత్మకూరులో స్థిరపడ్డాను. పాత నాణేలు పోగుచేసే ఒక సార్ నాకు ఆ చుక్కల కథ చెప్పారు. అదే 1862 అంకెతో చాలా ఏళ్లు రూపాయలు కొట్టారట, ఏది ఎప్పటిదో గుర్తుకు ఆ చుక్కలు పెట్టారని అంటారట. ఆ నెల జీతంలో భూతద్దం కొన్నాను. అప్పటినుంచి రాణి బట్టల మీద పువ్వులనూ అంకె చుట్టూ చుక్కలనూ వెతకడమే నా కాలక్షేపం. "మా అవ్వ రూపాయలకు పేలు చూస్తా ఉండాది" అని మనవరాలు ఎగతాళి చేస్తుంది. చేయనీ.

మొన్న సోమశిల నుంచి ఒకామె తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. రూపాయి చూపిద్దామని తెచ్చారు. పిల్ల పేస్టు పెట్టి తోమిందట, అద్దంలా మెరుస్తోంది. తోమిన నాణేన్ని సేకరించేవాళ్లు చేత్తో కూడా ముట్టరు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పిల్ల ముఖం చూశాను. పళ్లెం పట్టుకుని గడప మీద కూర్చున్న ముఖమే అది.

భూతద్దం ఆ పిల్ల చేతిలో పెట్టి, "బాగా తోమినావు తల్లీ. ఇప్పుడు చుక్కలు ఇంకా బాగా కనపడతాయి. అంచు కాణ్ణుంచి చూసుకుంటా రా" అన్నాను.