అమ్మోరి గూట్లో బోర్బన్ సీసా

కోవిడ్ మూసివేతల తర్వాత మా హోటల్ మళ్ళీ తెరిచిన ఏడాది, బర్మా కొత్త సంవత్సరపు నీళ్ళ పండగ తింజాన్ దగ్గరపడుతుండగా, నన్ను స్టిల్‌రూమ్ నుంచి బార్ పనికి వేశారు. ఆర్డరులో తాత్కాలికం అని ఉంది. అప్పటికి నేను స్టిల్‌రూమ్ సూపర్‌వైజర్‌ని. రిటైర్మెంటు ఎంతో దూరం లేదు.

కిందటి ఆదివారం వీడియో కాల్లో చిట్టి విశాఖ నుంచి ఒక సీసా చూపించి, "మామ్మా, ఇది బోర్బన్. అల్లం బీరుతో ఇంట్లో ఎలా కలుపుతారు? నువ్వు హోటల్లో చేశావట కదా" అని అడిగింది. కౌలాలంపూర్ నుంచి రాజు, "మామ్మ తాగదు కదే, ఆవిడకేం తెలుస్తుంది" అని నవ్వాడు. నిజమే నాన్నా, నేను తాగను. అయినా తెలుసు. ఎలా తెలిసిందో ఫోన్లో మొదలుపెడితే సగంలో లైను పోతుంది. అందుకని రాస్తున్నాను. తెలుగు చదవడం వచ్చినవాళ్ళు రానివాళ్ళకి చదివి వినిపించండి.

స్టిల్‌రూమ్ అంటే మీకు తెలియదు. అది వంటగదీ కాదు, బారూ కాదు, రెండిటికీ మధ్య ఉండే గది. టీ, కాఫీ, పళ్ళరసాలు, పంచదార పాకాలు అక్కడ తయారవుతాయి. నేను కప్పులు కడిగే పనిలో చేరి, మెల్లగా పైకి వచ్చినదాన్ని. హోటల్లో అందరూ నన్ను దా నీలా అనేవారు. 'దా' అంటే బర్మా వాళ్ళు పెద్ద ఆడవాళ్ళని గౌరవంగా పిలిచే మాట, మగవాళ్ళకైతే 'ఊ'. ఇంట్లో మాత్రం నేను నీలమ్మనే.

ఆ ఏడాది బార్‌కి వచ్చిన చిక్కు ఏమిటంటే, పైదేశం నుంచి డబ్బాల్లో వచ్చే జింజర్ బీరు రావడం మానేసింది. పేరులో బీరు ఉందని భయపడకండి. అల్లం, పంచదార కలిపి పులియబెట్టిన పొంగు నీళ్ళు అది. మత్తు లేదన్నంత తక్కువ. దానితో బోర్బన్ కలిపి ఇచ్చే గ్లాసు మా బార్‌లో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయేది. బోర్బన్ అంటే మొక్కజొన్నతో చేసే అమెరికా విస్కీ, కాస్త తియ్యటి వాసన ఉంటుంది. దాని తీపిని అల్లం ఘాటు పట్టి నిలబెట్టాలి. అదీ ఆ గ్లాసు రహస్యం.

బార్ మేనేజర్ ఊ టిన్ లిన్ నన్ను పిలిచి, జింజర్ బీరు మనమే చెయ్యగలమా అని అడిగారు. ఆయన నాకంటే చిన్నవాడే, కానీ హోదాలో పెద్ద. హోటల్ మూసి ఉన్న రోజుల్లో నా పేరు సిబ్బంది జాబితాలోంచి తీసేయబోతే, 'ఆవిడ పాకం ఇంకెవరికీ రాదు' అని అడ్డం పడింది ఆయనే. నేను కాదనలేదు.

అయితే అల్లం పులవడానికి వెచ్చదనం కావాలి. మా స్టిల్‌రూమ్ పగలంతా ఏసీలో చల్లగా ఉండేది. పైగా బయట చేసిన పానీయం హోటల్లోకి తేకూడదు, అది శుభ్రత నియమం. అందుచేత ఊ టిన్ లిన్ ఒక దారి చెప్పారు. ముందు ఇంట్లో చేసి, బోర్బన్‌తో కలిపి రుచి తేల్చి, కొలతలు రాసి ఇవ్వాలి. అవి ఒప్పుకుంటే హోటల్లోనే ఒక వెచ్చటి గది చూసి మొదలుపెడతారు.

మరి బోర్బన్ ఇంటికి ఎలా వస్తుంది? మద్యం గేటు దాటాలంటే పాసు కావాలి. సీసాని స్టోరులో త్రాసు మీద తూచి బరువు పాసు మీద వేస్తారు. ట్రయల్‌కి ఎన్ని పెగ్గులు వాడవచ్చో రాస్తారు. తిరిగి వచ్చినప్పుడు మళ్ళీ తూస్తారు. తేడా వస్తే దొంగతనం కిందే లెక్క. జవాబు చెప్పవలసింది సీసా మోసినవాళ్ళు కాదు, పాసు మీద సంతకం చేసినవాళ్ళు. ఆయనకి ముందున్న బార్ మేనేజరు అలాంటి తేడా మీదే ఇంటికి వెళ్ళాడు. అది తెలిసి కూడా ఊ టిన్ లిన్ సంతకం పెట్టారు.

తామ్వే పేటలో మన ఫ్లాటు మీకు గుర్తుందా, మూడో అంతస్తు? మీ తాత పోయాక అందులో నేనూ, మా అత్తా ఉండేవాళ్ళం. మా అత్త అంటే మీ తాతని కన్న తల్లి, అప్పలనరసమ్మ. ఆమె భర్త సేక్కాన్ రేవులో బియ్యం బస్తాలు మోసి మోసి పోయాడు. ఆవిడకి కళ్ళు కొంచెం తగ్గాయి గానీ నోరు తగ్గలేదు.

అల్లాన్ని శుభ్రంగా కడిగి, తొక్కతోనే దంచి, పంచదారా నీళ్ళూ కలిపి, గాజు జాడీకి గుడ్డ కట్టి పొయ్యి పక్కన పెట్టాను. తొక్కలోనే పులిసే గుణం ఉంటుంది. రోజూ కాస్త అల్లం, కాస్త పంచదార మేత వెయ్యాలి. అత్త వచ్చి గుడ్డ ఎత్తి చూసి, "ఇదేటే, అల్లాన్ని పిల్లిని పెంచినట్టు పెంచుతున్నావు" అనేది. బుడగలు వచ్చాక, విడిగా అల్లం నీళ్ళు మరిగించి, పంచదార వేసి, పూర్తిగా చల్లార్చి, నిమ్మరసం పిండి, జాడీలో పులిసిన నీళ్ళు వడగట్టి కలిపి సీసాల్లో పోశాను. అన్నీ గాజువి కాకుండా ఒకటి ప్లాస్టిక్‌ది పెట్టుకోవాలి. వేలితో నొక్కితే అది రాయిలా ఉందంటే, గ్యాసు పట్టిందని అర్థం. అప్పుడు అన్నిటినీ ఐసులోకి మార్చాలి, లేకపోతే గాజు పగులుతుంది.

బోర్బన్ సీసాని మాత్రం గది మూలన ఉన్న అమ్మోరి గూట్లో పెట్టాను. ఎత్తులో ఉంటుంది, ఎండ తగలదు, పసుపు బొట్లు పెట్టిన ఆ చోటుని స్నానం చెయ్యకుండా ఎవరూ ముట్టరు. మా ఇంట్లో అంతకంటే భద్రమైన చోటు లేదనుకున్నాను.

ప్లాస్టిక్ సీసా గట్టిపడిన రోజు పొద్దున్నే ఐసు తేవడానికి బజారుకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి అత్త తలస్నానం చేసి, తడి జుట్టుతో బాల్కనీలో నిలబడి ఉంది. చేతిలో బోర్బన్ సీసా. సీలు విప్పి ఉంది. పాత పెయింటు డబ్బాలో మేం పెంచే వేప మొక్క మొదట్లో మట్టి నల్లగా తడిసి ఉంది. ఇల్లంతా కాల్చిన చక్కెర వాసన.

"అత్తా, ఏటి సేసినావు?"

"ఏటి సేస్తాను? సాక పోసినాను."

మీరు ఎప్పుడూ చూడలేదు కాబట్టి చెబుతున్నాను. మన వైపు అమ్మవారి ముందు నేల మీద కల్లో, సారాయో, నీళ్ళో ధారగా పోస్తారు. దాన్ని సాక అంటారు. మూడో అంతస్తులో నేల ఎక్కడిది? మట్టి ఉన్నది ఆ డబ్బాలోనే.

"అది హోటలోళ్ళది అత్తా!"

"అయితే అమ్మోరి గూట్లో నానెట్టినానా? నువ్వే ఎట్టినావు. అమ్మోరి కాడ ఎట్టీసి అమ్మోరికి పొయ్యకపోతే ఊరుకుంటాదా? మీ మావ రేవునించి సీసా తెస్తే ముందు సాక పోసి, అప్పుడు గొంతులో పోసుకునేవోడు. తాగుబోతుకే ఆపాటి బుద్ధి ఉంటే మనకుండొద్దా?"

సీసాని వెలుగుకి ఎత్తి చూశాను. ఆవిడ ముమ్మారు పోసింది, చెయ్యి కూడా పొదుపుగా లేదు. ట్రయల్‌కి రాసిన పెగ్గులు పోగా మిగలవలసింది మిగలదు. త్రాసు మీద తేడా దొరుకుతుంది. దొరికితే పోయేది ఊ టిన్ లిన్ ఉద్యోగం.

త్రాసు సంగతీ, సంతకం సంగతీ నేను విడమర్చి చెప్పాక గానీ అత్తకి అర్థం కాలేదు. అర్థమయ్యాక గొంతు తగ్గించింది. "టీ డికాషను కలిపీరాదే? అదే రంగు గదా. మీ మావ అలాగే సేసేవోడు, నాకేటీ తెలీదనుకునీవోడు."

నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. టీ కలపడం పెద్ద కష్టమేమీ కాదు. మద్యం నీళ్ళకంటే తేలిక, కాబట్టి కాస్త తక్కువ పోస్తే బరువు కూడా సరిపోతుంది. ముప్పై ఏళ్ళకి పైగా పాకాలు తూచిన చెయ్యి నాది. కానీ అది రేపు ఎవరో ఒక అతిథి గ్లాసులోకి వెళుతుంది. అంతకంటే ముందు, నా మీద నమ్మకంతో సంతకం పెట్టిన మనిషి దగ్గరికి వెళుతుంది. వద్దన్నాను. ఊ టిన్ లిన్‌కి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను.

సీసాని కదపకండి, నేనే వస్తున్నాను అన్నారు ఆయన. హోటల్ పద్ధతి ప్రకారం నన్నే గేటు దగ్గరికి రమ్మని, సెక్యూరిటీ ముందు తూయించి ఉండవచ్చు. అలా చేసి ఉంటే, సంతకం తనదైనా తేడా నా చేతిలో దొరికిందని చెప్పి ఆయన పక్కకి తప్పుకోగలిగేవారు, నా మీద పడేది. ఆయన స్టోరులోని చిన్న త్రాసు సంచిలో వేసుకుని, ఎండలో మూడంతస్తులూ ఎక్కి వచ్చారు. గుమ్మం బయట చెప్పులు విప్పారు. సీసాని తూచి, అంకె రాసుకుని, అప్పుడు గూటి వైపు చూశారు.

"అమే, ఏ దేవతకి పోశారు?" అని అత్తని అడిగారు. అమే అంటే బర్మీస్‌లో అమ్మా అని.

అత్త బజారు బర్మీస్‌లో, ఆయన్ని సయా, అంటే అయ్యా అని పిలుస్తూ చెప్పింది. "మా అమ్మోరికి, సయా. మా అమ్మాయి తప్పేటీ లేదు. అడిగితే నన్నడగండి. నన్ను తీసుకెళ్ళి త్రాసులో కూకోబెట్టండి."

ఆయన నవ్వారు. తమ ఇళ్ళల్లోనూ కొలిచే నాట్ అనే దేవతల్లో మద్యం ఇష్టపడే ఆయన ఒకరున్నారని, తన తాత సీసా విప్పితే మొదటి మూత ఆయనకే పోసేవాడని చెప్పారు. "మూత అమే, మూత. మీ అమ్మవారు కాస్త ఎక్కువే తీసుకున్నారు" అన్నారు. చెబుతూనే గూటికి చేతులు జోడించి మొక్కారు. నేను ఆ మనిషికి ఇప్పటికీ కృతజ్ఞురాలిని అంటే, ఉద్యోగం కోసం కంటే ఆ నమస్కారం కోసమే.

వచ్చిన పని పూర్తి చేద్దాం అని ఆయనే అన్నారు. స్టీలు గ్లాసులో ఐసు వేసి, నిమ్మచెక్క పిండి, బోర్బన్ కొలిచి, నా జింజర్ బీరు అంచు వెంట మెల్లగా పోశారు. నేను టీ రుచి చూసేవాళ్ళలా నోట్లో తిప్పి ఉమ్మేశాను. తీపి పైకి వస్తోంది, అల్లం కిందకి పోతోంది. ఆయనా తల అడ్డంగా ఊపారు. అత్త మందు లేని జింజర్ బీరు మాత్రం ఒక గుక్క తాగి మూతి ముడిచింది.

"ఇదేటే, పానకమా? పానకవైతే మిరియాలేవి?"

శ్రీరామనవమి దగ్గరలోనే ఉంది. ఇంట్లో మిరియాలు దంచి సిద్ధంగా పెట్టుకుని ఉన్నాం. చిటికెడు పొడిని ఒక చెంచా వేడినీళ్ళలో నానబెట్టి, వడగట్టి కలిపాను. ఊ టిన్ లిన్ రెండో గ్లాసు కలిపి ఒక గుక్క తాగారు. కాగితం తీసి కొలత రాసుకున్నారు. మా వృత్తిలో అంతకంటే మెచ్చుకోలు ఉండదు.

ఇక తేడా సంగతి. మర్నాడు ఆయన ఫుడ్ అండ్ బెవరేజ్ మేనేజర్ ముందు, అంటే తినే తాగే విభాగాలన్నిటికీ పై అధికారి ముందు, నన్ను పక్కన నిలబెట్టుకుని, ఎవరూ అడగకముందే సీసా బల్ల మీద పెట్టారు. ఇంత తగ్గింది, ఇందువల్ల తగ్గింది, నేను వెళ్ళి చూశాను, సంతకం నాది అన్నారు. ఆ అధికారి సీసా చూశారు, మమ్మల్ని చూశారు. వేప మొక్క బాగానే ఉందా అని అడిగారు. ఆకులు రాలుస్తోంది సార్ అన్నాను. తేడాని ట్రయల్ నష్టంలో కలిపి, ఊ టిన్ లిన్‌కి రాతపూర్వకంగా ఒక హెచ్చరిక ఇచ్చారు. ఇకమీదట మద్యం ఎవరి ఇంటికీ వెళ్ళకూడదన్నారు. ఉద్యోగం ఉంది. తింజాన్‌కి మిరియాల ఘాటున్న ఆ గ్లాసు మెనూలోకి ఎక్కింది.

నేను రిటైరైన తర్వాతి వానల్లో అత్త పోయింది. వేప మొక్క మాత్రం అంతకు ముందే మళ్ళీ చిగిర్చింది. అమ్మోరికి నచ్చినట్టే ఉందే అని అత్త చివరిదాకా అంటూనే ఉండేది.

కాబట్టి చిట్టీ, పెద్ద గ్లాసు నిండా ఐసు వెయ్యి. అర నిమ్మచెక్క పిండు. బోర్బన్ ఒక పెగ్గు కొలిచి పొయ్యి, కంటి అంచనాతో వద్దు. జింజర్ బీరు అంచు వెంట పోసి, చెంచాతో ఒక్కసారే కలుపు, ఎక్కువ కలిపితే పొంగు చస్తుంది. కొన్న జింజర్ బీరు తియ్యగా ఉంటే మిరియాల నీళ్ళు రెండు చుక్కలు. రాజూ, నువ్వు మందు లేకుండా అదే కలుపుకో, అదీ బాగుంటుంది.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది. నీ కోసం ఎవరైనా సంతకం పెడితే, తేడా సంగతి వాళ్ళకి త్రాసు కంటే ముందు నువ్వే చెప్పాలి.